తుపాకీకి కొసరు వేసిన రోజు

ముందే మాట ఇచ్చేస్తున్నాను: ఈ ఉదంతంలో ఎవరూ చావరు. దెబ్బ తిన్నవి మూడే. నా కుడి భుజం, ఒక ప్రభుత్వ వాహనం, నా పరువు. భుజం నెల తిరక్కుండా మానింది. వాహనం ఆ సాయంత్రానికే కోలుకుంది. పరువు మాత్రం నలభై ఏళ్ళు దాటినా ఇంకా కుంటుతూనే నడుస్తోంది. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. కాకపోతే ఆనాటి నన్ను చూసి మీకంటే ముందు నవ్వే హక్కు నాది. అంత దగ్గర నుంచి వాణ్ణి చూసినవాడు ఇంకొకడు లేడు.

నేను పుట్టింది విజయనగరంలో, కొట్ల మధ్య. నాన్నది పచారీ కొట్టు, బాబాయిది బట్టల కొట్టు, మేనమామది ఇనప సామాను. మా ఇళ్ళలో పిల్లలకి మాటలకంటే ముందు బేరం వచ్చేది. ఉగ్గు గిన్నె చూసి నేను తల అడ్డంగా ఊపితే, అది అరగక కాదని, ఇంకాస్త బెల్లం కలుపుతారేమోనని ఆశతో అని మా అమ్మమ్మ అందరికీ చెప్పేది. పన్నెండేళ్ళు నాన్న పక్కన కూచుని పొట్లాలు కట్టాను. ఆ చదువులో నాకు బాగా అబ్బింది ఒక్కటే, కొసరు. సరుకు తూచడం అయ్యాక, తక్కెడ దించే ముందు, మరో చిటికెడు తీసి పైన విదిలించాలి. కొనేవాడు అది చూసి మురిసిపోవాలి. రోజుకి ఎన్ని పొట్లాలో అన్ని విదిలింపులు. చివరికి ఆ పని నేను చెయ్యడం మానేశాను; నా చెయ్యే చేసుకునేది. తూకం అవగానే కుక్క తోక ఆడినట్టు అది ఆడేది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు కాబట్టే ఇదంతా జరిగింది.

ఎనభైల మొదట్లో, ఫ్లైఓవర్ల కోసం ఢిల్లీనంతా తవ్విపోస్తున్న రోజుల్లో, నేను ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాని. కటవారియా సరాయ్‌లో ఒక గదీ వంటిల్లూ అద్దెకి తీసుకుని, నేనూ సుశీలా కాపురం. సుశీల మా ఊరి పిల్లే. రెండేళ్ళు బస్సులెక్కి బస్సులు దిగి, ఎన్నో బళ్ళ గుమ్మాల ముందు నిలబడి, చివరికి ఒక తెలుగు బడిలో టీచరు ఉద్యోగం సంపాదించుకుంది. సరిగ్గా ఆమె మొదటి జీతం తెచ్చిన వారంలో నాకు మూడేళ్ళ బదిలీ కాగితం వచ్చింది. మధ్యప్రదేశ్‌లో, అడవి పక్కన, మా శాఖ వాళ్ళ మందుగుండు డిపో. చుట్టుపక్కల బడి లేదు, తెలుగు లేదు, బస్సు కూడా రోజు విడిచి రోజు.

"ఏటండీ ఇది?" అంది సుశీల, కాగితం రెండుసార్లు చదివి.

"ప్రభుత్వం వారి ఆజ్ఞ."

"అయితే మీరెళ్ళండి. నేను రాను. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే గానీ దొరకలేదు ఈ ఉద్యోగం. బెండకాయల బండి దగ్గరయితే గంటసేపు నిలబడి పీకుతారు కదా. ఇదొక్క బేరం చెయ్యలేరేటి?"

అంతే, నాలోని వ్యాపారి మేలుకున్నాడు. వాడు పడుకుని ఉంటే ఎంత బాగుండేది!

బదిలీ ఆపగలిగినవారు మా పై అధికారి పెంచలయ్యగారు. నెల్లూరు వైపు మనిషి. కోపం వస్తే అరవరు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఆ తుడుపు చూసి సెక్షన్ మొత్తం ఫైళ్ళలో తలలు దూర్చేది. అలాంటి మనిషి ప్రతి సోమవారం గోళ్ళ సందుల్లో నలుపుతో ఆఫీసుకి వచ్చేవారు. జుట్టుకి రంగేసుకుంటారని గుసగుస. నేను మాత్రం ఫైలు మీద సంతకం పెట్టించుకునే నెపంతో దగ్గరికి వెళ్ళి వాసన పట్టాను. గంధకం, సురేకారం, బొగ్గు. దీపావళి ముందు మా పెరడంతా కొట్టే వాసన.

"సార్, తప్పుగా అనుకోకండి. ఇది మతాబుల వాసన కదా?"

పెంచలయ్యగారు కళ్ళజోడు తీశారు. నా ప్రాణం పోయింది. కానీ తుడవలేదు, నావైపు వంగారు.

"ఏందయ్యా, నీకు ఈ సంగతి తెలుసునా?"

సంగతేమిటంటే, ఆయన దగ్గర వాళ్ళ తాతగారి కాలపు తుపాకీ ఉంది. గొట్టం మూతి లోంచి మందు పోసి, పైన సీసపు గుండు పెట్టి, ఇనప కడ్డీతో కూరి పేల్చే రకం. లైసెన్సు ఉంది. ఆదివారం ఆదివారం మెహ్రౌలీ అవతల పాడుబడ్డ రాతి క్వారీలో, ఒక రిటైరైన కర్నల్‌తో కలిసి, మట్టికుండల్ని గురి చూసి కొట్టడం ఆయన సరదా. బజారు మందు నచ్చక తన మందు తానే తయారు చేసుకునేవారు. ఏవేవి ఎన్నెన్ని పాళ్ళో, ఎలా కలిపేవారో నేను చెప్పను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని ఆ చెప్పకపోవడం ఒక్కటే.

"తెలుసా అంటారేంటి సార్! మా ఇంట్లో మతాబులూ చిచ్చుబుడ్లూ జువ్వలూ అన్నీ నేనే కూరేవాణ్ణి. మా వీధి వీధంతా నా చేతి మీదే వెలిగేది."

నిజం చెప్పమంటారా? నా పని మైదా ఉడికించి, ఆ జిగురుతో కాగితపు గొట్టాలు అంటించడం. మందు పళ్ళెం వైపు చెయ్యి చాపితే మా అత్త ఆ చేతి మీద గరిటెతో ఒక్కటిచ్చేది. కానీ కొట్టు పిల్లాణ్ణి కదా. లేని సరుకుని కూడా "లోపల ఉందండి, తీసుకొస్తాను, కూచోండి" అనడం రక్తంలో ఉంది.

ఆ శనివారం సారుతో మసాలా దినుసుల బజారు ఖారీ బావలీకి వెళ్ళాను. ఘాటుకి తుమ్ముతూ, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఒక లాలాజీ కొట్టు ముందు ఆగాం. సారు లైసెన్సు కాగితం చూపించి గంధకం అడిగారు. లాలాజీ ధర చెప్పాడు. సారు జేబులో చెయ్యి పెట్టారు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

తర్వాత ముప్పావు గంట జరిగింది వర్ణించను. నేను మూడుసార్లు లేచి వెళ్ళిపోయాను, మూడుసార్లు తిరిగొచ్చాను. ఒకసారి లాలాజీ వెళ్ళిపోయాడు, తన కొట్టులోంచే.

"అరే బాబూజీ," అన్నాడు చివరికి లాలాజీ, నుదురు తుడుచుకుంటూ, "గంధక్ కొంటున్నారా, నా కొట్టు రాయించుకుంటున్నారా?"

"తూచావా? ఠీక్ హై. ఇప్పుడు పైన కొంచెం."

"పైన దేనికి?"

"కొసరు భయ్యా, కొసరు! తూచినదానికి తూచావు, సంతోషానికి వెయ్యవా?"

లాలాజీ నన్నొక్క చూపు చూసి గుప్పెడు తీసి పొట్లంలో కొట్టాడు. పెంచలయ్యగారు గుడ్లప్పగించి చూశారు.

"అబ్బో, ఏం మనిషివయ్యా నువ్వు! రేపు క్వారీకి రా."

అలా నాలుగు ఆదివారాలు వెళ్ళాను. తుపాకీ మోశాను, కుండలు పేర్చాను, పెంకులు ఏరాను. సారు పేల్చిన ప్రతిసారీ "వాహ్" అన్నాను, తగిలినా తగలకపోయినా. మధ్యమధ్యలో నా పాండిత్యం. మందుని రెండువేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఆకాశం వంక చూసి, "ఈసారి బొగ్గు కుదిరింది సార్" అనేవాణ్ణి. ఏం కుదిరిందో, కుదరకపోతే ఎలా ఉంటుందో నాకు తెలిస్తే ఒట్టు. బియ్యం కొనడానికొచ్చి గింజ కొరికి తల పంకించే ముసలాళ్ళని చూసి నేర్చుకున్న నటన అది.

కర్నల్ సాబ్‌కి మాత్రం నా మీద నమ్మకం లేదు. పొడుగాటి పంజాబీ మనిషి, మీసాలు తుపాకీ కంటే పాతవి. కొట్టువాళ్ళని పిలిచినట్టు నన్ను లాలా అని పిలిచేవాడు.

"లాలా, విను. ఒక కొలత. ఏక్. పూరా ఏక్. కొలత పోశాక మందు కొమ్ము మూత బంద్. తర్వాత గుండు. తర్వాత కడ్డీతో కూరు. తర్వాత కడ్డీ బయటికి! చివర్లో టోపీ. సమఝా?"

మందు కొమ్ము అంటే మందు నింపుకునే పశువు కొమ్ము. టోపీ అంటే నెత్తిన పెట్టుకునేది కాదు. తుపాకీ వెనక మొనకి తగిలించే చిన్న రాగి మూత. మీట నొక్కగానే గుర్రం అనే చిన్న సుత్తి వచ్చి దాన్ని కొడితే నిప్పు లోపలికి వెళుతుంది. అప్పటికే పాఠం ఇరవైసార్లు విన్నాను కాబట్టి విసుగ్గా తలూపాను.

ఐదో ఆదివారం. జనవరి చలి, నెత్తిన కోతి టోపీ, చుట్టూ పొగమంచు అప్పుడప్పుడే విడుతోంది. ఆ వేళ సారు స్కూటరు చెడిపోయిందని ఆఫీసు అంబాసిడర్ తెచ్చారు. డ్రైవరుకి సెలవిచ్చి తానే నడుపుకుంటూ వచ్చారు. ప్రభుత్వ వాహనం ఆదివారం క్వారీకి ఎందుకు వస్తుందో నన్నడగొద్దు. అప్పుడు నేనూ అడగలేదు. దాన్ని క్వారీ గట్టు మీద, తుమ్మచెట్టు పక్కన నిలిపారు. తుపాకీ నా చేతికిచ్చారు.

"ఈ రోజు మొదటి దెబ్బ నీదేనయ్యా."

ఇదే అదను అనుకున్నాను. ఇత్తడి కొలతలో మందు పోస్తూ, ఎంతో వినయంగా మొదలుపెట్టాను.

"సార్, నా బదిలీ విషయం..."

"దాని గురించే చెప్పాలనుకుంటా ఉండా," అన్నారు సారు, ముఖం చేటంత చేసుకుని. "ఆపుదామనే అనుకున్నా మొదట్లో. నీ ఇంట్లో టీచరమ్మ ఉందని తెలుసు కదా. అయితే నాలుగు వారాలుగా నిన్ను చూస్తా ఉండా. మందు గురించి ఇంత తెలిసినోడు మన శాఖలో ఇంకోడు లేడు. డిపోకి నీయట్టా వాడే కావాల. నిన్న రాత్రే డ్రాఫ్టు రాసినా. రేప్పొద్దున పంపిస్తా. మూడేళ్ళు కాదు, ఐదేళ్ళు ఉంచమని రాసినా. ఏం?"

ఏం అంటే ఏం చెప్పను? బెండకాయల బండివాడితో బేరం ఆడి ఆడి, చివరికి బండి మొత్తం నేనే కొనుక్కుని తోసుకెళ్ళాల్సిన స్థితి. నా కళ్ళ ముందు సుశీల నిలబడింది. కొత్తగా కొనుక్కున్న టీచరు సంచీ భుజాన వేసుకుని, నన్ను చూడకుండా.

"సార్, అది... సార్, నాకంత ఏం..."

"మొహమాటం ఎందుకయ్యా!"

ఇంతసేపూ నోరు నీళ్ళు నములుతుంటే చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కొలత గొట్టంలోకి వంచాయి. కొలత అయిందా? అయింది. కాబట్టి కుడి చెయ్యి, పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ, కొమ్ములోంచి మరికాస్త తీసి పైన విదిలించింది. అధికారి కదా అని రెండోసారి కూడా విదిలించింది. గుండు పెట్టాను. కడ్డీతో కూరాను. కూరుతూ, "సార్, మా ఆవిడ ఉద్యోగం" అన్నాను. కడ్డీ వదిలేసి చేతులు జోడించాను. తర్వాత టోపీ తగిలించాను. కడ్డీ ఎక్కడుందో మీరు నాకంటే ముందే గమనించారు. కర్నల్ సాబ్ కూడా గమనించాడు.

"లాలా! గజ్! గజ్!" అని అరిచాడు.

గజం అంటే మా బాబాయి కొట్టులో బట్ట కొలిచేది. ఆ క్వారీలో కడ్డీని గజ్ అంటారని నాలుగు వారాలుగా తెలుసు. కానీ ఆ క్షణంలో నా బుర్రలో గజమూ లేదు, అంగుళమూ లేదు. ఐదేళ్ళు మాత్రమే ఉంది. మీట నొక్కేశాను.

పేలింది అంటే చాలదు. పెళ్ళి వంటశాలలో పొయ్యిలన్నీ ఒకేసారి నీళ్ళు పోసి ఆర్పితే లేచేంత పొగ. సంక్రాంతి రద్దీలో జనరల్ బోగీలోకి నలుగురు కలిసి తోసినట్టు భుజం మీద ఒక్క తోపు. తుపాకీ మూతి ఆకాశానికి లేచింది, నేను వెల్లకిలా నేలకి చేరాను. కర్నల్ సాబ్ తలెత్తి పైకి చూశాడు. సారు తలెత్తి పైకి చూశారు. నేను పడుకునే ఉన్నాను కాబట్టి విడిగా తలెత్తే శ్రమ లేకుండా పైకి చూశాను. పొగమంచులోంచి సన్నగా, నల్లగా, మెరుస్తూ కడ్డీ పైకి వెళుతోంది. ఎంత తీరిగ్గా వెళ్ళిందంటే, తిరిగి రాదేమో అనిపించింది. వచ్చింది. గట్టు మీద తుమ్మచెట్టు పక్కన ఫెళ్ళుమని చప్పుడు.

ముగ్గురం పరిగెత్తాం. అంబాసిడర్ ముందు అద్దం మొత్తం సాలెగూడు. దాని మధ్యలోంచి కడ్డీ దిగి, డ్రైవరు సీటులో నిటారుగా నిలబడి ఉంది. మంత్రుల కార్లకి బయట జెండా కర్ర ఉంటుంది. మా సారు కారుకి లోపల.

"మందు పాడైందా?" అన్నారు సారు, కడ్డీని పట్టుకుని ఊపి చూస్తూ.

అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? చెప్పలేదు. సరుకు బాగాలేదని కొన్నవాడు తిరిగొస్తే కొట్టువాడు అనే మొదటి మాటే నా నోట్లోంచి ఊడిపడింది.

"తుపాకీదే దోషం అనుకుంటాను సార్. పాత సరుకు కదా."

తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పెంచలయ్యగారు ఆ తుపాకీ గొట్టాన్ని అరచేత్తో నిమిరారు. "మా తాత నలభై ఏళ్ళు కాల్చినాడయ్యా దీంతో. ఒక్కనాడు ఇట్టా చెయ్యలా. సరే. రేపే స్టేషన్లో అప్పజెప్పి లైసెన్సు వదులుకుంటా," అన్నారు. నేను బుద్ధిగా తలూపాను. అలాంటి తల అది.

సోమవారం పొద్దున్నకి కారు అద్దంతో ఉండాలి. లేకపోతే ఆదివారం కారు ఎక్కడికి పోయిందని పైవాళ్ళు అడుగుతారు. సారు ఉద్యోగానికే మచ్చ. అద్దం లేని కారులో, జనవరి గాలికి ఎదురుగా, మసి కొట్టుకున్న మొహాలతో, సారూ నేనూ కారు విడిభాగాలు అమ్మే కాశ్మీరీ గేటు దాకా వెళ్ళాం. దారి పొడుగునా నా పళ్ళు టకటకలాడుతూనే ఉన్నాయి, వాటి మధ్యలోంచి నేను మాట్లాడుతూనే ఉన్నాను.

"సార్, అద్దం విషయం నాకొదిలెయ్యండి, సగానికి..."

"నోరు మూసుకోవయ్యా."

ఆదివారం కాబట్టి సందంతా మూసి ఉంది. ఒక్క సర్దార్జీ షట్టరు సగం దించుతూ దొరికాడు. మా మొహాలు చూసి ఏం జరిగిందని అడగడానికి భయపడ్డాడు. ఇక నేను ఆగుతానా? కింద కూచున్నాను, లేచాను, వెళ్ళాను, వచ్చాను. సర్దార్జీ తలపాగా సర్దుకుని, చివరికి ఒప్పుకున్నాడు. అద్దం బిగిస్తుంటే నా నోరు దానంతట అది తెరుచుకుంది.

"సర్దార్జీ, అద్దం సరే. పైన కొసరేమిస్తావు? ఒక వైపర్ వెయ్యి."

వెనక్కి తిరిగి చూస్తే పెంచలయ్యగారు కళ్ళజోడు తీసి ఉన్నారు.

"ఏమయ్యా. పొద్దున కొలత పోసినాక ఏం చేసినావు?"

"గుండు పెట్టాను సార్."

"గుండుకి ముందు."

"ఏం లేదు సార్... కొంచెం..."

"కొంచెం?"

"అలవాటు కొద్దీ, సార్. పైన ఒక చిటికెడు."

"ఒకటేనా?"

"మీరు పెద్దవారు కదా అని రెండోది."

పెంచలయ్యగారు కళ్ళజోడు తుడిచారు. కుడి అద్దం, ఎడమ అద్దం, మళ్ళీ కుడి అద్దం. ఆ తర్వాత పెట్టుకుని, "మా తాత తుపాకీది తప్పు కాదన్నమాట," అన్నారు. కోపమనుకుని చూశాను, ఆయన మొహంలో పొద్దుటి నుంచీ లేని ప్రాణం కనబడింది. నాకు మాత్రం ఉన్నది కాస్తా పోయింది.

సోమవారం పొద్దున నన్ను పిలిచారు. శనివారం రాసిన ప్రశంసల డ్రాఫ్టు నా ఎదురుగానే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. టైపిస్టుకి ఇంకొకటి చెప్పారు. కారు సంగతి రాయలేరు, తుపాకీ సంగతి రాయలేరు, కాబట్టి కారణాలు లేకుండా రాయించారు. ఆఫీసు ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు వాక్యాల సారం ఇది: "ఈ ఉద్యోగి మందుగుండుకి ఎంత దూరంలో ఉంటే ప్రభుత్వానికి అంత క్షేమం. ఇతన్ని ఢిల్లీలో, నా కళ్ళెదుటే ఉంచవలెను."

బదిలీ రద్దయింది. ఆ కాగితం మాత్రం నా సర్వీసు ఫైల్లో రిటైరయ్యే దాకా ఉంది. వచ్చిన ప్రతి కొత్త అధికారీ మొదటి రోజు అది చదివి, నన్నొకసారి పైనుంచి కిందకి చూసి, బల్ల మీద అగ్గిపెట్టె తీసి సొరుగులో పెట్టుకునేవాడు.

ఆ సాయంత్రం సుశీల రద్దు ఉత్తర్వు చదివింది. నా భుజానికి పసుపు పట్టు వేస్తూ జరిగిందంతా వింది. నవ్వి నవ్వి పట్టు సగం నా చెవికి పూసింది.

"అంటే మీరు బేరం ఆడినంతకాలం మూడేళ్ళు ఐదేళ్ళయ్యాయి. నోరు మూసుకుని కింద పడ్డారు, పనైపోయింది. ఇదేదో మొదటి రోజే చెయ్యొచ్చు కాదేటి?"

అందుచేత, ఆనాడు వాచిన ఈ కుడి భుజం సాక్షిగా, పసుపు పూసిన ఈ కుడి చెవి సాక్షిగా, ఆ రోజు చేసిన ప్రమాణాన్ని మీ అందరి ముందూ మరోసారి చేస్తున్నాను. మూతి వైపు నుంచి కూరవలసిన ఏ వస్తువునూ ఈ జన్మలో ముట్టను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. మా ఇంట్లో గుత్తివంకాయలకి కారం కూరేది కూడా సుశీలే. నేను ఆరడుగుల దూరంలో, గుమ్మం అవతల, చేతులు కట్టుకుని నిలబడతాను.